మన తర్వాత కూడా పొలం పొలంగానే ఉండాలంటే

(అశోక్‌నగర్‌లో జరిగిన రైతుసంఘం కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో నాకిచ్చిన అంశం కొందరికి వింతగా అనిపించవచ్చు. మామూలుగా మనం భూసేకరణను ఎట్లా అడ్డుకోవాలి, పరిహారం ఎట్లా రాబట్టుకోవాలి, పాసుపుస్తకంలో తప్పులు ఎట్లా సరిచేయించుకోవాలి అని మాట్లాడుకుంటాం. ఇవాళ్టి ప్రశ్న వేరు. ఒక రైతు తన సొంత పట్టా భూమిని, తన ఇష్టపూర్వకంగా, తాను పోయిన తర్వాత కూడా ఎవరూ ప్లాట్లు చేయకుండా కట్టడి చేసి పోగలడా? చెరువు కింది పొలం పొలంగానే, చెట్లున్న చెలక చెట్లతోనే ఎప్పటికీ ఉండేటట్టు రాసి పోవచ్చా? రీజినల్ రింగు రోడ్డు గీత పడిన గ్రామాల నుంచి, వెంచర్ల నడుమ చిక్కుకుపోయిన గ్రామాల నుంచి మన సభ్యులే ఈ ప్రశ్న అడుగుతున్నారు. కాబట్టి జవాబు వెతకాలి.

మనం కూర్చున్న ఈ చోటు చూడండి. చిక్కడపల్లి, బాగ్‌లింగంపల్లి, నారాయణగూడ. పేర్లన్నీ పల్లెలవి, గూడేలవి, తోటలవి. బాగ్ అంటే తోటే కదా. ఇవాళ ఈ మూడు చోట్లా కలిపి వెతికినా నాగలి దిగే జాగా ఒక్క గుంట దొరకదు. పేరు మిగిలింది, మట్టి మిగలలేదు. ఇంకో సంగతి కూడా ఇక్కడే కనబడుతుంది. ఈ అశోక్‌నగర్ హాస్టళ్ళలో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న పిల్లల్లో చాలామంది రైతు బిడ్డలే. వాళ్ళ కోచింగ్ ఫీజు, గది అద్దె ఎక్కడి నుంచి వస్తాయో మీకు చెప్పనక్కరలేదు. అందుకని "భూమిని అమ్ముకోవద్దు, కాపాడండి" అని వేదిక మీది నుంచి ఉపదేశం చేయడం నాకు ఇష్టం లేదు. అమ్ముకునే రైతుకు కారణాలుంటాయి. కాపాడదలచిన రైతుకు మాత్రం దారి ఉండాలి. ఆ దారులు ఎన్ని, ఎంత గట్టివి అన్నదే నా విషయం.

ముందుగా చట్టం ఏమంటుంది? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం దగ్గర మొదలుపెట్టాలి. దాని 10వ సెక్షన్ ప్రకారం, ఒకరికి భూమి బదలాయిస్తూ "నువ్వు దీన్ని ఎప్పటికీ అమ్మకూడదు" అని షరతు పెడితే, భూమి దక్కుతుంది గానీ షరతు చెల్లదు. 11వ సెక్షన్ ప్రకారం, పూర్తి హక్కుతో ఇచ్చి "దీన్ని ఇట్లాగే వాడాలి" అన్నా, తీసుకున్నవాడు ఆ మాట లేనట్టే వాడుకోవచ్చు. 14వ సెక్షన్ ఇంకా కచ్చితం. ఇప్పుడు బతికి ఉన్నవాళ్ళ జీవితకాలం, ఆ తర్వాత పుట్టబోయే బిడ్డ మైనారిటీ తీరే కాలం, అంతకు మించి భూమిని ముడివేసి ఉంచే ఏర్పాటు చెల్లదు. అంటే మన పెద్దలు కొందరు వీలునామాలో రాసే మాట ఉంది చూశారా, "నా కొడుకులకు, మనుమలకు చెందవలసినది, అన్యాక్రాంతం చేయరాదు" అని, దానికి కోర్టులో నిలబడే బలం దాదాపు లేదు. రాసినాయన మనసుకు తృప్తి, అంతే.

ఈ నియమం మీద మనం కోపం తెచ్చుకోకూడదు. చనిపోయినవాళ్ళ చెయ్యి బతికున్నవాళ్ళ భూమి మీద తరతరాలు ఉండకూడదన్న ఆలోచన చెడ్డదేమీ కాదు. ఈ నియమమే లేకపోతే జాగీర్దార్లూ దేశ్‌ముఖులూ తమ వంశాల పేరిట భూములను యుగాంతం దాకా కట్టేసి పోయేవాళ్ళు. భూసంస్కరణల కోసం కొట్లాడిన సంఘం మనది. శాశ్వతం అన్న మాట వినబడ్డప్పుడు ఎవరికి శాశ్వతం అని అడిగే అలవాటు పోగొట్టుకోవద్దు.

అయితే అదే చట్టం 18వ సెక్షన్‌లో ఒక తలుపు తెరిచిపెట్టింది. ప్రజలకు మేలు చేసే పనికి, అంటే మతం, విద్య, వాణిజ్యం, ఆరోగ్యం, భద్రత, లేదా మానవాళికి ఉపయోగపడే మరే లక్ష్యానికైనా ఇచ్చిన ఆస్తికి 14వ సెక్షన్ అడ్డం రాదు. గుడి మాన్యం, ధర్మసత్రం, బడి స్థలం తరాల తరబడి ఒకే పనికి కట్టుబడి ఉండగలిగింది అందుకే. మనవాళ్ళు శాసనాల కాలం నుంచీ చెరువుకు, గుడికి, చలివేంద్రానికి భూమి రాసి ఇచ్చినవాళ్ళే. నీటిని, చెట్టును, పంటభూమిని కాపాడటం ప్రజాప్రయోజనం కిందికి వస్తుందని వాదించడానికి ఇవాళ ఎవరికీ కష్టం ఉండదు. మొత్తం మీద లెక్క ఇది. నీ కుటుంబం కోసం శాశ్వతంగా కట్టలేవు. పదిమంది కోసం కట్టగలవు.

పదిమంది కోసం కట్టిన భూమి ఏమవుతుందో చూడటానికి మన దగ్గరే ఒక పెద్ద పాఠం ఉంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చారు. అక్కడి దళితులు తమకు 80 ఎకరాలు కావాలన్నారు, 40 తరి, 40 ఖుష్కి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అట్లా మొదలైంది. ఆ కాలంలో ఈ ప్రాంతమంతా సాయుధ పోరాటంలో ఉంది, రావి నారాయణరెడ్డి లాంటివాళ్ళు అంతకు ముందే తమ సొంత భూమిని పేదలకు పంచేశారు, భూస్వాములకు భూమి మీద నమ్మకం సడలింది. ఆ నేపథ్యం తీసేసి భూదానాన్ని కేవలం మనసు మారిన కథగా చెబితే సగం చెప్పినట్టే. ఏమైనా, తర్వాత 1965లో ఆంధ్రప్రదేశ్ భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది. దాత ఇచ్చిన భూమి భూదాన యజ్ఞ బోర్డుకు చెందుతుంది, బోర్డు పేదలకు ఇస్తుంది, తీసుకున్నవాడు దున్నుకోవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు, అమ్మడానికి వీల్లేదు. చట్టం రాసిన తీరు చూస్తే ఇంతకంటే గట్టి ఏర్పాటు ఉండదనిపిస్తుంది. పట్టా భూమిని ఎప్పటికీ సంతకెక్కకుండా చేసిన చట్టం ఇది.

మరి ఏమైంది? హైదరాబాద్ చుట్టుపక్కల భూదాన భూముల సంగతి మీకు తెలిసిందే. దానం ప్రకటించారు, సర్వే నంబరు సరిగా రాయలేదు. రాసినచోట హద్దురాళ్ళు నాటలేదు. హద్దులు తేలినచోట పహాణీలో దాత పేరే కొనసాగింది. పేదవాడికి కాగితం ఇచ్చారు, కబ్జా ఇవ్వలేదు. కొన్నిచోట్ల దాతలు రాళ్ళూ రప్పలూ ఉన్న భూమిని ఇచ్చి పుణ్యం కట్టుకున్నారు. ఎకరం వేలల్లో పలికినన్నాళ్ళు ఎవరికీ పట్టలేదు. కోట్లలోకి వెళ్ళగానే దాతల వారసులు, మధ్యవర్తులు, పాత కాగితాలు అన్నీ ఒక్కసారి లేచి వచ్చాయి. మహేశ్వరం మండలం నాగారం భూదాన భూముల వివాదం హైకోర్టు దాకా, ఈడీ దర్యాప్తు దాకా వెళ్ళింది. అసైన్డ్ భూములదీ అదే కథ. 1977 చట్టం వాటి అమ్మకాన్ని నిషేధించింది. కాగితం మీద నిషేధం ఉన్నా చేతులు మారుతూనే వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లోనైతే 2023లో చట్టాన్నే సవరించి, ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డ్ భూమిని అమ్ముకోవచ్చన్నారు.

దీన్నిబట్టి నాకు అర్థమైంది చెబుతాను. భూమిని శాశ్వతంగా నిలబెట్టడంలో దానపత్రం పాత్ర నాలుగో వంతు. మిగిలిన మూడు వంతులూ రికార్డు, హద్దు, కాపలా. ఎవరైనా మన సభ్యుడు ప్రజోపయోగం కోసం భూమి రాసిస్తానంటే ముందు సర్వేయర్‌ను పిలిపించి హద్దులు తేల్చాలి. ఆస్తి బదలాయింపు చట్టం 123వ సెక్షన్ ప్రకారం ఇద్దరు సాక్షులతో రిజిస్టర్ దస్తావేజు కావాలి. స్టాంపు కాగితం మీద సాదాగా రాసుకున్నది దానం కిందికి రాదు. ఆ వెంటనే రెవెన్యూ రికార్డులో పేరు మార్పించాలి. ఒకప్పుడు ధరణిలో, ఇప్పుడు భూభారతిలో ఆ మార్పు కనబడేదాకా పని అయినట్టు అనుకోవద్దు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితా ఒకటి ఉంటుంది. దేవాదాయ, వక్ఫ్ భూముల వంటివి అందులో చేరుతాయి. ధర్మసంస్థకు ఇచ్చిన భూమి దేవాదాయ చట్టం పరిధిలోకి వస్తే ఆ జాబితాలోకి ఎక్కించేదాకా వెంటపడాలి. మన రైతులకు తెలియకుండా తమ సొంత పట్టా భూమి ఆ జాబితాలోకి ఎక్కి ఏడుస్తుంటే, ఎక్కించవలసినది మాత్రం ఎక్కదు. అది వేరే ప్రసంగం.

ఇక ట్రస్టు మార్గం. ఒక రైతు తన పదెకరాలను ధర్మ ట్రస్టుగా రాసి, ఇందులో సాగు తప్ప ఇంకేమీ చేయరాదు, లేదా చెట్లు కొట్టరాదు అని లక్ష్యం పెట్టవచ్చు. ధర్మకర్తలు మారతారు, లక్ష్యం మారదు. ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన దేవాదాయ, ధర్మాదాయ చట్టం ధర్మసంస్థల భూములకూ వర్తిస్తుంది. దాని ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా ఆ భూమి అమ్మితే చెల్లదు. దీనికి తోడు ఒక ఆయుధం ఉంది, మన కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్. ప్రజాధర్మ ట్రస్టులో ధర్మకర్తలు దారితప్పితే, ఆ ట్రస్టులో ఆసక్తి ఉన్న ఇద్దరు మనుషులు కోర్టు అనుమతి తీసుకుని దావా వేయవచ్చు. అంటే ఊళ్ళోవాళ్ళే కాపలా కాయవచ్చు. అందుకే ట్రస్టు పత్రంలో లబ్ధిదారులుగా ఫలానా గ్రామ ప్రజలు, ఆ చెరువు ఆయకట్టు రైతులు అని స్పష్టంగా రాయించాలి. "సమస్త ప్రజలు" అని గాలికి రాస్తే ఎవరికీ పట్టదు.

ట్రస్టు అనగానే మనకు రావలసిన అనుమానం కూడా రావాలి. 1973 భూపరిమితి చట్టం వచ్చినప్పుడు ధర్మసంస్థల పేరు పెట్టుకుని భూములు దాచినవాళ్ళ కథలు ప్రతి జిల్లాలో ఉన్నాయి. ఇవాళ సంరక్షణ పేరుతో వందల ఎకరాలకు కంచె వేసి లోపల రిసార్టు నడిపేవాళ్ళూ తయారయ్యారు. మనం చూడవలసింది రెండు. దున్నే కౌలుదారు ఉన్నాడా, ఉంటే అతని గతేమిటి? రక్షిత కౌలుదారు హక్కు, 1950 కౌలు చట్టం కింద 38-ఈ హక్కు ఉన్న భూమిని యజమాని తన ఇష్టానికి రాసివ్వడానికి లేదు. రెండోది, ధర్మకర్తలు ఎవరు? అన్నదమ్ములూ బావమరుదులే ధర్మకర్తలైతే అది ధర్మం కిందికి ఎట్లా వస్తుంది?

సంస్థగా భూమిని నిలబెట్టిన మంచి ఉదాహరణ అనంతపురం వైపు ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్. 1990లో 32 ఎకరాల బీడు భూమి కొని, తవ్వి, వాన నీళ్ళు నిలిపి, మేత మేయకుండా, నిప్పు పడకుండా చూసి వదిలేశారు. గడ్డి వచ్చింది, చెట్లు వచ్చాయి. వానలేని దేశంలో అది అడవి అయింది. ఆ తర్వాత చుట్టుపక్కల గ్రామాల ఉమ్మడి భూములకూ ఆ పని పాకింది. ఒక మనిషి పేరిట కాకుండా ఒక సంఘం పేరిట భూమి ఉండటం వల్ల వచ్చిన లాభం ఏమిటంటే, ఒక మనిషి చావుతోనో ఒక కొడుకు అప్పుతోనో దాని తలరాత మారదు.

దీని పక్కన సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురం పెట్టి చూడండి. దుశర్ల సత్యనారాయణ గారు మనలో చాలామందికి తెలుసు. బ్యాంకు ఉద్యోగం వదిలి జలసాధన సమితి పెట్టి, ఫ్లోరైడ్ నీళ్ళ మీద కొట్లాడిన మనిషి. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడి దేశమంతా మనవైపు చూసేటట్టు చేసిన ఉద్యమం అది. ఆయన తమ కుటుంబ భూమి 70 ఎకరాలను అడవిగా పెరగనిచ్చారు. వాగులు, కుంటలు, పక్షులు, నెమళ్ళు. ఆ భూమి తన పిల్లలదని కాకుండా అందులోని ప్రాణులదని ఆయన చెబుతుంటారు. గొప్ప మాట. ఇట్లాంటి మాటను దస్తావేజుగా మార్చడం ఎట్లా అన్నదే మన చట్టానికి చేతకాని విషయం. నెమలి పేరిట పట్టా రాదు కదా.

చట్టానికి చేతనైనంత వరకు ఒక ఏర్పాటు ఉంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణతో 36-సీ సెక్షన్ వచ్చింది. ఒక సమూహం గానీ ఒక వ్యక్తి గానీ తమంతట తాము ముందుకు వస్తే, వాళ్ళ ప్రైవేటు భూమిని ప్రభుత్వం కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. భూమి యాజమాన్యం మారదు. ప్రకటన వచ్చాక మాత్రం భూమి వాడకం మార్చాలంటే నిర్వహణ కమిటీ తీర్మానం చేయాలి, రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి. అంటే యజమాని గానీ, రేపటి వారసుడు గానీ ఒక్కడే వెళ్ళి నాలా కన్వర్షన్ చేయించుకుని వెంచర్ వేయలేడు. 2022 సవరణ తర్వాత ప్రైవేటు భూమి అయితే ఆ కమిటీలో యజమానికీ చోటు ఉంది. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరు 2007లో ఇట్లాంటి రిజర్వు అయింది. అక్కడి విశేషం, కొంగలూ పెలికాన్లూ గూళ్ళు పెట్టేది రైతుల ఇళ్ళ మధ్య చింతచెట్ల మీద. మన దగ్గర శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, అనంతపురం వైపు వీరాపురంలో కూడా ఊళ్ళోవాళ్ళు తమ చెట్ల మీద వాలిన కొంగలను ఏళ్ళ తరబడి కాపాడుతూ వచ్చారు. చింతపండు రాబడి పోయినా చెట్టు కొట్టలేదు.

రైతులకు ఇందులో ఉన్న భయం నాకు తెలుసు. ఒకసారి అటవీశాఖను గుమ్మంలోకి రానిస్తే మళ్ళీ బయటకు పోదు అంటారు. ఆ భయానికి పునాది లేకపోలేదు. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, యాజమాన్యం ఎవరిదైనా నిఘంటువు అర్థంలో అడవి అయినది అడవే, అటవీ సంరక్షణ చట్టం దానికి వర్తిస్తుంది అంది. ఆ తర్వాత చాలా రాష్ట్రాల్లో రైతులు తమ చెలకల్లో సహజంగా మొలిచిన మొక్కలను ముందుగానే కొట్టేయడం మొదలుపెట్టారు, రేపు అడవి అంటారేమోనని. రక్షించాలనుకున్న తీర్పు కొన్నిచోట్ల గొడ్డలికి పనిచెప్పింది. దానికి తోడు అడవి పందులు. పక్కోడి అడవిలో పుట్టిన పంది మన మక్కచేను మీద పడితే సంరక్షణ మీద ఎవరికైనా ప్రేమ ఎట్లా మిగులుతుంది? కమ్యూనిటీ రిజర్వు అడిగే గ్రామం పంట నష్టానికి పరిహారం ఎట్లా వస్తుందో ముందే తీర్మానంలో రాయించుకోవాలి.

అడవి సంగతి సరే, మన సభ్యుల్లో ఎక్కువమందికి కావలసింది సాగుభూమి సాగుభూమిగా ఉండటం. దానికి నేను ఆశ పెట్టుకున్న దారి ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆస్తి బదలాయింపు చట్టం 40వ సెక్షన్. నా భూమి అనుభవానికి మేలు కలిగేటట్టు, పక్క భూమిని ఫలానా విధంగా వాడకుండా ఆపే హక్కు నేను ఒప్పందం ద్వారా సంపాదించవచ్చు. ఆ ఒప్పందం గురించి తెలిసి ఆ పక్క భూమిని కొన్నవాడి మీద కూడా ఆ హక్కును అమలు చేయించుకోవచ్చు. దీన్ని మన పొలాల భాషలోకి దించండి. ఒకే కాలువ కింద పన్నెండుమంది రైతులున్నారు. నడుమ ఒకడు మట్టి పోసి వెంచర్ వేస్తే కింది ఎనిమిదిమందికి నీళ్ళు ఆగిపోతాయి. ఈ పన్నెండుమందీ కలిసి, మా కాలువను పూడ్చం, మా మడులను మట్టితో నింపం, ప్లాట్లు చేయం అని పరస్పరం ఒప్పందం రాసుకుని రిజిస్టర్ చేయిస్తే, రిజిస్ట్రేషన్ జరిగింది కాబట్టి కొనేవాడికి తెలియదనడానికి లేదు. చేయకూడదు అనే షరతులే పనికొస్తాయి, చేయాలి అనే షరతులు పనికిరావు. "వరి వేయాలి" అని రాస్తే నిలవదు, "మట్టి నింపరాదు" అంటే నిలుస్తుంది. కోర్టు నిషేధాజ్ఞ ఇవ్వడం కోర్టు విచక్షణ, కాబట్టి ఇది ఇనుప కంచె కాదు. అయినా కొనడానికి వచ్చిన రియల్ ఎస్టేట్ మనిషి ఈసీలో ఇట్లాంటి పత్రం చూస్తే రెండుసార్లు ఆలోచిస్తాడు. ఇంత తక్కువ ఖర్చుతో, భూమి ఎవరికీ ఇవ్వకుండా చేసుకోగలిగిన పని ఇదొక్కటే. అందులో ఒక్కడి త్యాగం లేదు, పన్నెండుమందిదీ ఒకే లెక్క. సంఘం అంటే అదే కదా.

అమెరికాలో దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళారు. భూమి మీద హక్కులను కట్టెలమోపు అనుకోండి. దున్నుకునే హక్కు ఒక కట్టె, అమ్ముకునే హక్కు ఒకటి, ఇళ్ళు కట్టే హక్కు ఒకటి. రైతు తన మోపులోంచి ఇళ్ళు కట్టే కట్టె ఒక్కటి తీసి ఒక భూ ట్రస్టుకు అమ్ముతాడు. భూమి ఆయనదే, సాగు ఆయనదే, అమ్ముకోవచ్చు, పిల్లలకు ఇవ్వవచ్చు. ఇళ్ళు మాత్రం ఎవరూ ఎప్పటికీ కట్టలేరు. ఆ ఒక్క కట్టెకు ధర ఎంత? ప్లాట్లుగా అమ్మితే వచ్చే విలువకూ పొలంగా అమ్మితే వచ్చే విలువకూ మధ్య తేడా. 1980లో కాలిఫోర్నియాలో మారిన్ అనే చోట ఎల్లెన్ స్ట్రాస్ అనే పాడి రైతు, ఫిలిస్ ఫేబర్ అనే జీవశాస్త్రవేత్త కలిసి మొదలుపెట్టిన ట్రస్టు శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన పాడి రైతులను ఇట్లాగే నిలబెట్టింది. రైతుకు డబ్బు అందింది, పిల్లల చదువు సాగింది, పచ్చిక మిగిలింది.

మన దేశంలో అది నేరుగా కుదరదు. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం అట్లాంటి హక్కు ఉండాలంటే లాభపడే భూమి ఒకటి, కట్టుబడే భూమి ఒకటి, రెండూ ఉండాలి. భూమి లేని ట్రస్టు ఊరికే ఆ హక్కు పట్టుకోలేదు. దీనికి కొత్త చట్టం కావాలి. అంతకంటే ముఖ్యంగా డబ్బు ఇచ్చేవాళ్ళు కావాలి.

డబ్బు ఇవ్వకుండా కట్టడి పెడితే ఏమవుతుందో 111 జీవో చెప్పింది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996 మార్చిలో 84 గ్రామాల్లో, 1 లక్షా 32 వేల ఎకరాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. ఉద్దేశం మంచిదే. నగరం తాగే నీళ్ళ కోసం ఆ గ్రామాల రైతులు తమ భూమి ధరను వదులుకున్నారు, వాళ్ళకు నగరం ఒక్క పైసా ఇవ్వలేదు. మరోవైపు డబ్బున్నవాళ్ళ ఫామ్‌హౌస్‌లు గోడల వెనక లేచాయి. రైతులకు ఆ జీవో అంటే శత్రువు అయింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో దాన్ని ఎత్తేస్తున్నామన్నప్పుడు చాలా గ్రామాల్లో మిఠాయిలు పంచుకున్నారు. అందుకు రైతులను తప్పుపట్టలేం. ఇరవై ఆరేళ్ళు నగరానికి నీళ్ళు కాపలా కాసిన కూలీ బాకీ ఉంది.

కేరళ కొంత మెరుగ్గా ఆలోచించింది. 1970ల మధ్యలో 8 లక్షల హెక్టార్లకు పైగా ఉన్న వరి అక్కడ 2 లక్షల హెక్టార్ల దరిదాపుకు పడిపోయింది. 2008లో వరి పొలాల, చిత్తడి నేలల సంరక్షణ చట్టం చేశారు. వరి పొలాన్ని పూడ్చడం నేరం. ఏది వరి పొలమో పంచాయతీల వారీగా జాబితా, దాన్ని చూసే స్థానిక కమిటీలో ముగ్గురు రైతు ప్రతినిధులు. 2018 సవరణలు దాన్ని కొంత వదులు చేశాయి, అది విమర్శించవలసిన విషయమే. అయితే 2020 నుంచి వరి పొలం ఉంచుకున్న యజమానికి హెక్టారుకు ఏడాదికి 2,000 రూపాయల రాయల్టీ మొదలుపెట్టారు, తర్వాత పెంచారు. చాలా చిన్న మొత్తం. సూత్రం మాత్రం పెద్దది. నీ పొలం భూగర్భ జలాన్ని నింపుతోంది, వరదను ఆపుతోంది, అందుకు ప్రజలు నీకు బాకీ అని ప్రభుత్వం ఒప్పుకుంది. హైదరాబాద్‌లో రోడ్డు వెడల్పుకు స్థలం ఇచ్చినవాడికి టీడీఆర్ సర్టిఫికెట్ ఇస్తున్నారు, అతను దాన్ని బిల్డర్లకు అమ్ముకుంటున్నాడు. చెరువు కింద పొలాన్ని శాశ్వతంగా పొలంగా ఉంచుతానని రాసిచ్చిన రైతుకు అదే టీడీఆర్ ఎందుకు ఇవ్వకూడదు? మన సంఘం పెట్టవలసిన డిమాండ్లలో ఇది ఒకటి అని నా అభిప్రాయం. రాష్ట్ర కమిటీ చర్చించాలి.

ఇంతవరకు చెప్పిన దారులన్నిటికీ ఒక పరిమితి ఉంది. ఇవన్నీ యజమానినీ, వారసుణ్ణీ, కొనేవాణ్ణీ కట్టడి చేస్తాయి. ప్రభుత్వాన్ని కట్టడి చేయవు. ట్రస్టు భూమి అయినా, భూదాన భూమి అయినా 2013 భూసేకరణ చట్టం కింద తీసుకోవచ్చు. ఆ చట్టం 10వ సెక్షన్ నీటి వసతి ఉండి ఎక్కువ పంటలు పండే భూమిని చివరి మార్గంగా తప్ప తీసుకోవద్దంది. తెలంగాణ తర్వాత సవరణ చేసి, కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి, ఆహార భద్రత అధ్యాయం నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం తీసుకుంది. మల్లన్నసాగర్ కింద, ఫార్మాసిటీ కోసం యాచారం, కందుకూరు మండలాల్లో, నిన్నగాక మొన్న లగచర్లలో ఏం జరిగిందో మీకు వేరే చెప్పాలా? అమరావతి పూలింగ్‌లో 29 గ్రామాల నుంచి 33 వేల ఎకరాలకు పైగా తీసుకున్నప్పుడు ఉండవల్లి, పెనుమాక రైతులు మా పంటలు మాకు కావాలని నిలబడ్డారు. వాళ్ళను నిలబెట్టింది దస్తావేజు కాదు, వాళ్ళు కలిసి ఉండటం.

ఇక ప్రశ్నల్లో వచ్చిన వాటికి రెండు మాటలు.

తండ్రి ఒక్కడే సంతకం పెడితే సరిపోతుందా అని ఒక మిత్రుడు అడిగారు. స్వార్జితం అయితే సరిపోతుంది. పిత్రార్జితం అయితే వాటాలు తెంపుకున్నాక తన వాటా మేరకే. ఉమ్మడి కుటుంబ భూమిని పెద్ద ధర్మకార్యానికి ఇవ్వవచ్చు గానీ కొద్ది భాగమే, ఉన్నదంతా రాసివ్వడం కోర్టులో నిలవదు. ఆడపిల్లలకు వాటా ఉందని మరిచిపోవద్దు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే ఆ హక్కు ఇచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఏ కూతురో "నా సంతకం లేదు" అని దావా వేస్తే ట్రస్టు కూలిపోతుంది. ఆమె వేయడం న్యాయమే. కాబట్టి అందరినీ కూర్చోబెట్టి, అశోక్‌నగర్‌లో చదువుతున్న కొడుకును కూడా పిలిపించి, ఒప్పించి రాయించాలి. ఒప్పుకోకపోతే వాటాలు తెంపుకుని, తన వాటా వరకే రాయాలి.

గ్రామ పంచాయతీకి రాసిస్తే మంచిది కదా అని ఇంకొకరు అడిగారు. బడికి, శ్మశానానికి, పశువుల నీళ్ళ తొట్టికి అయితే మంచిదే. శాశ్వత సంరక్షణకు అదొక్కటీ చాలదు. పంచాయతీ భూమి మీద పై అధికారుల కన్ను ఎప్పుడూ ఉంటుంది, పాలకవర్గం ఐదేళ్ళకోసారి మారుతుంది. ఇవ్వదలిస్తే గిఫ్టు డీడులోనే లక్ష్యం రాసి, ఆ లక్ష్యం తప్పితే భూమి ఫలానా ట్రస్టుకు పోతుందని రాయించే వీలుందా అని మంచి సివిల్ లాయరును అడిగి ముందుకు వెళ్ళండి. ముసాయిదా తయారైతే రిజిస్ట్రేషన్‌కు ముందే సంఘం జిల్లా కార్యాలయానికి ఒక కాపీ పంపండి. దాంతో పాటు సర్వే నక్షా, పహాణీ నకలు, కౌలుదారు ఉంటే అతని సంతకం ఉండాలి.